దవావ్‌లో డాన్స్‌ని ఏమంటారు? టగాలోగ్ మాట చెల్లుతుందా?

ప్రశ్న: మా చెల్లి ఫిలిప్పీన్స్‌లో, దవావ్‌లో మెడిసిన్ చదువుతోంది. కాలేజీ ఫంక్షన్‌కి అక్కడి అమ్మాయిలతో కలిసి డాన్స్ చేయాలట. యాప్‌లో టగాలోగ్ నేర్చుకుని వెళ్లింది, తీరా చూస్తే ఊళ్లో అంతా బిసాయా మాట్లాడుతున్నారు. టగాలోగ్‌లో డాన్స్‌ని 'సయావ్' అంటారు కదా, అక్కడ అర్థమవుతుందా?

జవాబు: అర్థమవుతుందండీ, టెన్షన్ వద్దు. బిసాయా అంటే సెబువానో, అందులోనూ సయావే, సమర్ దీవి వైపు మాట్లాడే వరాయ్ భాషలోనూ అదే. మన 'ఆడు' తమిళ, కన్నడ, మలయాళాల్లో కూడా ఉన్నట్టే అనుకోండి. డాన్సర్‌ని టగాలోగ్, బిసాయా రెండింటిలోనూ 'మనానయావ్' అంటారు.

తేడా వచ్చేది క్రియ దగ్గర. టగాలోగ్‌లో 'ఉమ్' మాట మధ్యలో దూరి 'సుమయావ్' అవుతుంది, బిసాయాలో ముందు 'మొ' చేరి 'మొసయావ్' అవుతుంది. 'నాకు డాన్స్ చేయాలనుంది' అనడానికి టగాలోగ్‌లో 'గుస్తో కోంగ్ సుమయావ్', బిసాయాలో 'గుస్తో కో మొసయావ్'. ఈ ఒక్క వాక్యం నేర్చుకుంటే చాలు, మిగతాది వాళ్లే నేర్పుతారు. దవావ్‌లో రెండూ కలిపి మాట్లాడటం మామూలే కాబట్టి తప్పు మాట్లాడినా ఎవరూ ఏమీ అనుకోరు. 'బయ్లే' అని కూడా వినిపిస్తుంది, అది స్పానిష్ నుంచి వచ్చింది, 300 ఏళ్లకు పైగా అక్కడ స్పెయిన్ పాలన కదా.

ఇంకొకరు: అన్ని చోట్లా సయావ్ అనుకోకండి. ఇలోఇలో ఊరి వైపు మాట్లాడే హిలిగాయ్‌నోన్‌లో 'సావుత్' అంటారు, అది సెబువానోకి చాలా దగ్గరి భాషే అయినా. కపంపాంగన్ అనే ఇంకో భాషలో అయితే 'తెరాక్', పూర్తిగా వేరే మాట.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్ అండీ. ఇంకో డౌట్. చెల్లి రూమ్మేట్‌ది లుజోన్ దీవి ఉత్తర భాగం, ఆ అమ్మాయి డాన్స్‌ని 'సాలా' అంటుందట. యాప్‌లో వెతికితే తప్పు, పాపం అని వచ్చింది!

జవాబు: ఆ అమ్మాయిది ఇలొకానో భాష అయ్యుంటుంది, వాళ్లకి సాలా అంటే డాన్సే. యాప్ చూపించింది టగాలోగ్ అర్థం. రెండు మాటలూ పలకడానికి దగ్గరగా ఉంటాయి గానీ వేటికవే. ఈసారి రూమ్మేట్‌తో 'అగ్‌సాలాతాయో' అనమని చెల్లికి చెప్పండి, 'మనందరం డాన్స్ చేద్దాం' అని. తన భాషలో పిలిస్తే ఆ పిల్ల ఎంత సంతోషిస్తుందో చూడండి.