‘పోతీష్’: కూతురు వేసిన ఓటు ద్రోహమా, హక్కా?

కృష్ణాతీరం:
ఫ్రాన్స్వా ఓజోన్ తీసిన ‘పోతీష్’ (2010) ఇప్పుడే చూశాను. కథ 1977 నాటి ఫ్రాన్స్‌లో. గొడుగుల ఫ్యాక్టరీ సుజాన్‌కి (కాథరీన్ దెనువ్) తండ్రి నుంచి వచ్చింది, పెత్తనం మాత్రం మొగుడు రొబేర్‌ది. ఒక రకంగా ఇల్లరికపు అల్లుడే! సమ్మెలో కార్మికులు అతన్ని నిర్బంధిస్తారు, పైగా గుండె మొరాయిస్తుంది. అప్పుడు ఆవిడ దిగి ఫ్యాక్టరీని నిలబెడుతుంది. అతను కోలుకుని వచ్చాక కూతురు జోయెల్ తండ్రికే ఓటేసి తల్లిని దింపేసింది. ద్రోహం కాదూ?

పాతచింతకాయ:
ద్రోహం పెద్ద మాటండీ. షేర్లు జోయెల్ పేరు మీద ఉన్నాయి. ఎవరికి వేస్తుందో ఆమె ఇష్టం.

మబ్బులవేళ:
1964 నాటి ‘షెర్బూర్ గొడుగులు’ సినిమాలో దెనువ్ తల్లికి గొడుగుల కొట్టు, ఇక్కడ ఈవిడకే గొడుగుల ఫ్యాక్టరీ. దెనువ్‌ని గొడుగు వదిలేలా లేదు :)

కృష్ణాతీరం:
ఆ షేర్లు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? మా అమ్మకి పసుపుకుంకుమల కింద ఎకరం మాగాణి ఇచ్చారు. నాన్న దాన్ని అమ్మేస్తుంటే మా అన్న సాక్షి సంతకం పెట్టాడు. అమ్మ పొలం పోయిందని ఏడవలేదు, ఆ సంతకం చూసి ఏడ్చింది.

పాతచింతకాయ:
మీ పొలం గొడవ నాకెందుకు? షేరు ఎవరి పేరు మీద ఉంది? అది చెప్పండి.

కృష్ణాతీరం:
సరే, జోయెల్ పేరు మీదే! కాగితం మీద హక్కుంటే తల్లి మెడ పట్టి గెంటొచ్చా?

టిఫిన్‌బండి:
అబ్బా, రొబేర్‌గా వేసిన లూకినీ అరుపుల కోసం చూడండి. భలే నవ్వొస్తుంది.

పాతచింతకాయ:
తల్లి, తల్లి అంటున్నారు. ఒకప్పుడు ఆ కమ్యూనిస్టు మేయర్ బబాన్‌తో వ్యవహారం నడిపిన మనిషి. కొడుకు ఎవరికి పుట్టాడో తనకే తెలీదు. అలాంటావిడకి ఓటెందుకు వేయాలి?

కృష్ణాతీరం:
అదీ సంగతి! ఇందాకటి నుంచి షేర్లు షేర్లని సాగదీసింది ఇందుకా? మరి రొబేర్‌కి సెక్రటరీ నాదేజ్‌తో ఉన్నదేమిటి?

పాతచింతకాయ:
అది వేరు. అతను ఫ్యాక్టరీ నడిపాడు.

కృష్ణాతీరం:
ఆవిడ మాత్రం గొడుగు పట్టుకుని నిలబడిందా? అతనికంటే బాగా నడిపింది. ఏం వేరో చెప్పండి.

పాతచింతకాయ:
మీతో వాదించలేను.

మబ్బులవేళ:
చివర్లో ఆవిడ ఎన్నికల్లో నిలబడి బబాన్‌నే ఓడిస్తుంది కదా. దాని గురించి ఎవరూ ఎత్తరేం?