మల్లన పద్యంలో ‘అబ్ధి’ నాలుగా, ఏడా?

గణితం రాసిన పాతకాలపు తెలుగు కవి పావులూరి మల్లన, చదరంగం 64 గళ్ళలో గడిగడికీ రెట్టింపు చేస్తే వచ్చే మొత్తాన్ని చెప్పిన పద్యం మీద ఒక సందేహమండీ.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ఇందులో ఒక్కో మాటా ఒక్కో అంకె (శర 5, శశి 1). అంకానాం వామతో గతిః, అంటే అంకెలు ఎడమకి నడుస్తాయి, అన్నారు కాబట్టి ఒకట్ల స్థానం నుంచి ఎడమకి రాసుకుంటూ పోయాను. 18446744073709551615 రావాలట. అబ్ధి, పయోనిధి దగ్గర ఆగిపోయాను. సప్త సముద్రాలు కదా, రెండు చోట్లా 4 ఎందుకు?

*

భూతసంఖ్యల్లో, అంటే ఇలా మాటలతో అంకెలు చెప్పే పద్ధతిలో, సముద్రానికి 4 వాడుక ఎక్కువండీ. 7 పెట్టినవారూ లేకపోలేదు, అందుకే నిఘంటువు చూస్తే తగువు తీరదు. లెక్కనే అడుగుదాం.

మొదటి గడిలో 1, తర్వాత గడిగడికీ రెట్టింపు. 64 గళ్ళ మొత్తం కావాలంటే 64 రెళ్ళు గుణించి, ఒకటి తీసెయ్యాలి. ఆరు రెళ్ళ లబ్ధం 64, దాన్ని 9తో భాగిస్తే శేషం 1. అలాంటి గుంపులు పది పోగా నాలుగు రెళ్ళు మిగులుతాయి, అంటే 16, శేషం 7. ఒకటి తీస్తే 6. సంఖ్యకీ, దాని అంకెల మొత్తానికీ 9తో శేషం ఒకటే. ఇప్పుడు పద్యంలో అంకెలన్నీ కూడండి: 87, అంటే 15, అంటే 6. సరిపోయింది. ఒక సముద్రాన్ని 7 చేస్తే మొత్తం 90, శేషం 0. రెండూ మారిస్తే 93, శేషం 3. రెండూ కుదరవు. మల్లన సముద్రాలు నాలుగే.

*

బాగుంది మాస్టారూ, కానీ చిన్న మెలిక. మావాడు రంధ్రం అంటే బొక్క కదా అని అక్కడ సున్న వేశాడు. మొత్తం 78, శేషం మళ్ళీ 6! తప్పు దొరకలేదే?

*

దొరకదు. తొమ్మిదితో భాగించేటప్పుడు 0కీ 9కీ తేడా ఉండదు. పదకొండును పిలవాలి. ఒకట్ల స్థానం నుంచి ఒక అంకె కలిపి, తర్వాతది తీస్తూ పోతే వచ్చేదానికీ, సంఖ్యకీ 11తో శేషం ఒకటే. పద్యం ఒకట్ల స్థానం నుంచే మొదలవుతుంది కాబట్టి పని సులువు. శర కలపండి, శశి తియ్యండి, షట్క కలపండి, చంద్ర తియ్యండి... చివరికి 37 వస్తుంది, 11తో శేషం 4. అటు పది రెళ్ళ లబ్ధం 1024, శేషం 1. అరవై రెళ్ళు అలా పోతే మిగిలిన 16కి శేషం 5, ఒకటి తీస్తే 4. కలిసింది. మీవాడి సున్నతో 28, శేషం 6. నవరంధ్రాలని చెప్పండి వాడికి.

*

ఇంకో ముచ్చట. ఈ సంఖ్యకి ప్రధాన కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65537, 6700417. చివరిదాన్ని 641తో గుణిస్తే 4294967297. అది ప్రధాన సంఖ్యేనని గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ దాన్ని 641తో విరగ్గొట్టాడు. మల్లన సంఖ్యని 641తో భాగించి చూడండి, శేషం రాదు. మామూలు కాలిక్యులేటర్‌లో ఇరవై అంకెలు పట్టవు, కాగితం తీసుకోండి.