లక్షణాలు లేని మలేరియా: ఏ పరీక్షను ప్రామాణికంగా తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. పల్లెల్లో జ్వరం లేకుండా మామూలుగా తిరిగేవాళ్లలో ఎంతమంది రక్తంలో మలేరియా పరాన్నజీవి ఉందో చూసే సర్వేకు ప్రణాళిక రాస్తున్నాను. ప్రతి మనిషికీ ర్యాపిడ్ కిట్, మైక్రోస్కోప్ స్లైడ్, పీసీఆర్ (పరాన్నజీవి డీఎన్ఏను వెతికే ల్యాబ్ పరీక్ష) మూడూ చేసి పోల్చాలని ఉంది.

చిక్కంతా ఆ పోలిక దగ్గరే. మైక్రోలీటరు రక్తంలో సుమారు 100 నుంచి 200 పరాన్నజీవులు ఉంటే గానీ కిట్‌ మీద గీత నమ్మకంగా రాదు. చేయి తిరిగిన టెక్నీషియన్ స్లైడ్ మీది మందపాటి రక్తపు స్మియర్‌లో 50 ఉన్నా పట్టగలరు. లక్షణాలు లేని చాలామందిలో అంతకన్నా తక్కువే ఉంటాయి. అందుకే ముందు పీసీఆర్‌నే ప్రామాణికం అనుకున్నాను. కానీ ఎండిన రక్తపు చుక్కతో చేస్తే అదీ కొన్నింటిని వదిలేస్తుంది. పైగా కిట్ వెతికే, పరాన్నజీవి తయారుచేసే హెచ్‌ఆర్‌పీ2 ప్రొటీన్, మందులతో నయమయ్యాక కూడా వారాల తరబడి రక్తంలో ఉంటుంది. కిట్ పాజిటివ్, పీసీఆర్ నెగటివ్ వస్తే ఆ ఫలితాన్ని ఏ ఖాతాలో వేయాలి?

ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మకుండా లేటెంట్ క్లాస్ అనాలిసిస్ (అసలు ఎవరికి ఇన్ఫెక్షన్ ఉందో తెలియదనుకుని, అన్ని పరీక్షల ఫలితాలనూ కలిపి గణాంకాలతో అంచనా వేసే పద్ధతి) చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పరాన్నజీవులు తక్కువైతే కిట్, స్లైడ్ రెండూ కలిసే తప్పుతాయి కదా. మూడే పరీక్షలు, ఒకే జనాభా అయితే ఆ సంబంధాన్ని మోడల్‌లో పెట్టడానికి చోటు మిగలదు. నాలుగోదిగా ల్యాంప్ (పీసీఆర్ లాగే డీఎన్ఏను పెంచి చూసే మరో పరీక్ష) చేర్చితే మేలా, లేక అదీ డీఎన్‌ఏ పరీక్షే కాబట్టి పీసీఆర్‌తో కలిసి తప్పుతుందా? వేరే సంక్రమణ స్థాయి ఉన్న రెండో ప్రాంతాన్ని తీసుకోవడం మంచిదా?

మనం వదిలేసిన మనిషి నుంచి కూడా దోమలకు అంటుకోవచ్చు. అందుకే ఇంత పట్టుబట్టి అడుగుతున్నాను. ఫీల్డ్‌లో చేసినవాళ్లు దయచేసి చెప్పండి.