నేవీ పెన్షన్‌లో సగం కమ్యూట్ చేయాలా, వద్దా?

కంచరపాలెం_తమ్ముడు: మా అన్నయ్య 20 ఏళ్ల సర్వీసు పూర్తిచేసి 39వ ఏట నేవీ నుంచి డిశ్చార్జి అవుతున్నాడు. బేసిక్ పెన్షన్ 24,000 అనుకోండి. 50 శాతం కమ్యూట్ చేయమని (అంటే సగం పెన్షన్ కొన్నేళ్లు వదులుకుని, బదులుగా ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోమని) కొందరు, అస్సలు వద్దని కొందరు. ఏది మేలు?

మల్కాపురం_సెయిలర్: అస్సలు తీసుకోవద్దండి. వచ్చే పుట్టినరోజుకు 40 నిండేవాళ్లకి ఫ్యాక్టర్ (కోత పడే ఏడాది పెన్షన్‌కు ఎన్ని రెట్లు ఇస్తారో చెప్పే అంకె) 9.090. 12,000 × 12 × 9.090 అంటే చేతికి 13,08,960. బదులుగా నెలకు 12,000 చొప్పున 15 ఏళ్లు కోత, మొత్తం 21,60,000. పిల్లల కాలేజీ ఫీజులు సరిగ్గా ఆ 15 ఏళ్లలోనే వస్తాయి.

పెద్ద మొత్తం చేతికొస్తే సైట్ల ఏజెంట్లు వదలరు. ఆనందపురం, సబ్బవరం వైపు మాజీ సైనికుల డీ-పట్టా భూములు (ప్రభుత్వం అసైన్ చేసినవి) చూపించి "పదేళ్లు దాటింది, అమ్ముకోవచ్చు" అంటారు. పదేళ్ల మాట నిజమే. కానీ కలెక్టర్ ఎన్‌ఓసీ రాక, సర్వే నంబరు ఇంకా 22-ఏ జాబితాలోనే (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు, అడ్వాన్సు ఇరుక్కుపోతుంది. మామూలు ప్లాటుకైనా వీఎంఆర్‌డీఏ (విశాఖ నగరాభివృద్ధి సంస్థ) లేఅవుట్ నంబరు, 30 ఏళ్ల ఈసీ (పాత లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూడకుండా రూపాయి కట్టకూడదు.

గాజువాక_లెక్కలు: సర్, మీ కూడిక సరే గానీ వడ్డీ వదిలేశారు. 13.09 లక్షలు అప్పు తీసుకుని 180 నెలలు 12,000 కట్టినట్టు చూస్తే వడ్డీ ఏడాదికి 7.3 శాతం దగ్గర తేలుతుంది. పైగా ఈ సొమ్ముకు ఇన్‌కం ట్యాక్స్ లేదు. డీఏ పూర్తి 24,000 మీదే లెక్కగడతారు. ఓఆర్‌ఓపీలో (ఒకే ర్యాంకుకు ఒకే పెన్షన్ పథకం) పెన్షన్ పెరిగినా కోత 12,000 దగ్గరే ఆగుతుంది. మనిషి మధ్యలో పోతే కోత అక్కడితో సరి, ఫ్యామిలీ పెన్షన్‌లోంచి పైసా పట్టుకోరు. ఏ బ్యాంకు అప్పు ఇలా మాఫీ అవుతుంది? అంతకంటే ఎక్కువ వడ్డీకి హోమ్ లోన్ నడుస్తుంటే కమ్యూట్ చేసి దాన్ని తీర్చడమే తెలివి.

మల్కాపురం_సెయిలర్: లోన్ ఉన్నవాళ్ల విషయంలో ఒప్పుకుంటాను. లేనివాళ్లు ఏం చేస్తారు? ఎఫ్‌డీలో వేస్తే దాని వడ్డీ మీద ట్యాక్స్ పడుతుంది, 7.3 దాటి మిగలడం కష్టం. అవసరం లేకుండా అప్పు చేసినట్టే.

ఎన్ఏడీ_జంక్షన్: 50 అనేది గరిష్ఠ పరిమితి మాత్రమే, 20 శాతమో 30 శాతమో కూడా రాయొచ్చు. బయట ఉద్యోగం దొరికేదాకా ఇల్లు గడవడానికి గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ ఎలాగూ వస్తాయి, వాటిని ముందు లెక్కేయండి. ఇంకా తీరాల్సిన అప్పు ఎంతో తేలాక, ఆ మేరకే శాతం వేయండి. ఈ నిర్ణయం డిశ్చార్జి కాగితాలు నింపేలోపే జరగాలి. ఏడాది దాటాక అడిగితే మెడికల్ బోర్డుకు వెళ్లాలి, తీసుకున్నాక వెనక్కి కట్టేస్తానంటే కుదరదు. కోత మొదలైన తేదీ పీపీఓలో (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) చూసి రాసిపెట్టుకోండి. 15 ఏళ్లు నిండిన నెల స్పర్శ్‌లో (రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్) పెన్షన్ స్లిప్ తెరిచి, ఆ 12,000 తిరిగి కలిసిందో లేదో చూడాలి. కలవకపోతే అదే పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.