నాన్నతో భువనగిరి కోట ఎక్కాలి, కాస్త సలహా చెప్పండి

నమస్కారమండీ. మేం ఉండేది ఉప్పల్‌లో. వచ్చే వారం అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. చార్మినార్, గోల్కొండ వాళ్లు చాలాసార్లు చూసినవే. ఈసారి భువనగిరి కొండ ఎక్కుదామని నాన్న పట్టుబట్టారు. ఆయన రిటైరైన సోషల్ మాస్టారు. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు ఆ కోట కట్టించాడని, కొండంతా ఒకే రాయి అని నా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు, ఒక్కసారీ పైకి వెళ్లలేదు.

నా టెన్షన్ అంతా ఆయన మోకాళ్ల గురించే. 66 ఏళ్లు. మెట్లు ఎక్కడం పర్వాలేదు, దిగేటప్పుడే నొప్పి. కొండ ఎత్తేమో 500 అడుగుల పైమాటే. పట్టుకోవడానికి రెయిలింగ్ శిఖరం దాకా ఉందా? బండ మీద నీడ ఉండదు కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టాలని అనుకుంటున్నాం. గేటు ఎన్నింటికి తీస్తున్నారు? మధ్యలో కూర్చోడానికి చోటు, తాగడానికి నీళ్లు దొరుకుతాయా?

పెద్దవాళ్లను తీసుకుని ఈ మధ్య వెళ్లినవాళ్లు ఉంటే, నెమ్మదిగా ఎక్కి దిగడానికి ఎంతసేపు పట్టిందో దయచేసి చెప్పండి. ఆయన్ని వద్దనడానికి నాకు మనసు రావడం లేదు.