ఫొటోను బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేస్తే కాపీరైట్ వస్తుందా?

ప్రశ్న: నమస్కారం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున జరిగే చేపల వేలంపాటను, ఒడ్డుకు చేరే బోట్లను కొన్నేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. డబ్బు తీసుకుని తీసిన పెళ్లి ఫొటోలు కూడా నా దగ్గర ఉన్నాయి. వీటన్నింటినీ ఎన్‌ఎఫ్‌టీలుగా (బ్లాక్‌చెయిన్‌లో నమోదైన డిజిటల్ టోకెన్లుగా) అమ్ముకోవచ్చని, బ్లాక్‌చెయిన్‌కు ఎక్కించగానే కాపీరైట్ కూడా వస్తుందని ఒక మిత్రుడు అంటున్నారు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం: హార్బర్ ఫొటోల కాపీరైట్ మీకు అవి తీసినప్పుడే వచ్చిందండి, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం అందుకు ఏ నమోదూ తప్పనిసరి కాదు. ఫలానా ఫైలు ఫలానా సమయానికే ఉందని, తరువాత ఎవరూ దిద్దలేని విధంగా రాసిపెట్టడం వరకే, ఎన్నో కంప్యూటర్లలో ఉండే ఉమ్మడి చిట్టా అయిన బ్లాక్‌చెయిన్ పని. ఆ ఫొటో తీసినది ఎవరని అది అడగదు కనుక, మీ ఫొటోను వేరొకరు ముందుగా ఎక్కించినా అంతే శ్రద్ధగా రాసుకుంటుంది.

సాధారణంగా అందులోకి ఫొటో వెళ్లదు, ఫొటో ఫైలు నుంచి లెక్కగట్టిన హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర వంటి గుర్తు) మాత్రమే వెళుతుంది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఎంత పెద్ద ఫైలుకైనా 64 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక వరుస వస్తుంది. ఫొటోలో ఒక్క పిక్సెల్ మారినా ఆ వరుసకు, పాత వరుసకు పోలికే ఉండదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి దాని హ్యాష్ మారిపోతుంది కాబట్టి దానిని నమోదు చేసి లాభం లేదు. కెమెరా ఇచ్చిన రా ఫైలునే (ఏ మార్పూ చేయని అసలు ఫైలునే) నమోదు చేసి, దానిని రెండు చోట్ల భద్రపరచండి. ఇందుకు ఎన్‌ఎఫ్‌టీ కూడా అక్కరలేదు. బిట్‌కాయిన్ బ్లాక్‌చెయిన్‌ను ఆధారం చేసుకున్న ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ అనే సేవ ఈ పనిని ఉచితంగా చేసిపెడుతుంది.

పెళ్లి ఫొటోల జోలికి మాత్రం వెళ్లవద్దు. డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే తొలి హక్కుదారులని అదే చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది.

ప్రశ్న: ధన్యవాదాలండి. మరి హార్బర్ ఫొటోల టోకెన్ కొన్నవారు వాటిని క్యాలెండరుపై అచ్చు వేసుకోవచ్చా? చేతులు మారిన ప్రతిసారీ నాకు రాయల్టీ వస్తుందన్న మాట నిజమేనా?

సమాధానం: టోకెన్ కొన్నంత మాత్రాన అచ్చు వేసుకునే హక్కు రాదు, అందుకు లిఖితపూర్వకమైన లైసెన్సు కావాలి. ఏ వాడకానికి, ఎంతకాలానికి, ఏ ప్రాంతానికి ఇస్తున్నారో అందులో స్పష్టంగా రాయండి, ఎందుకంటే గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం మొత్తంగా చట్టం భావిస్తుంది. రాయల్టీ అమ్మకపు వేదిక దయపై ఆధారపడినది. ఎన్‌ఎఫ్‌టీలు అమ్మే ఓపెన్‌సీ వంటి పెద్ద వేదికే 2023లో దానిని తిరిగి అమ్మేవారి ఇష్టానికి వదిలేసింది. పైగా 2022 ఏప్రిల్ 1 నుంచి ఎన్‌ఎఫ్‌టీల వంటి డిజిటల్ ఆస్తుల బదిలీపై వచ్చే లాభానికి 30 శాతం పన్ను ఉంది, ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకునే వీలూ లేదు. నన్నడిగితే తేదీ రుజువు కోసం మాత్రం బ్లాక్‌చెయిన్‌ను వాడుకుని, లైసెన్సును కాగితంపై రాసి రూపాయల్లో అమ్ముకోవడమే మేలు.

ఇంకొక మాట. వేలంపాట ఫొటోలో ముఖం స్పష్టంగా కనిపించే మత్స్యకార మహిళ ఉంటే, ఆ ఫొటోను ప్రకటనలకు ఇచ్చే ముందు ఆమె సమ్మతిని రాతపూర్వకంగా తీసుకోండి; ఫొటోపై మీకున్న హక్కు ఆ సమ్మతికి బదులు కాదు.