సమస్యాపూరణం: “అవ్వ లేని యింట నవ్వె నవ్వ”

(మా పద్యాల గుంపులో జరిగిన సంభాషణ ఇది. సభ్యుల పేర్ల చోట వాళ్ల ఊళ్లే ఉన్నాయి.)

నిర్వాహకుడు (తిరుపతి): ఈ వారం ఆటవెలది, నాలుగు పాదాల చిన్న పద్యం. పొంతన లేనట్టు కనబడే నాలుగో పాదం సమస్యగా ఇస్తున్నాను, దానికి అర్థం కుదిరేలా పై మూడూ మీవి.

*అవ్వ లేని యింట నవ్వె నవ్వ*

మా అవ్వ, అంటే మా నాయన వాళ్లమ్మ, పోయినేడు పోయింది. మొన్న సంవత్సరీకం పెట్టాం. ఆమె పుట్టిన ఏడు ఇంట్లో ఎవరికీ తెలియదు. కొండకి మొదటి ఘాట్ రోడ్డు పడిన 1944లో తనకింకా ఓణీ వెయ్యలేదని చెప్పేది, దాన్నిబట్టి మేం లెక్కేసుకునేవాళ్లం. అంతకుముందు కొండకి పోవాలంటే నడకే, లేకుంటే డోలీ. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఆ ఇంటికి కోడలిగా వచ్చింది, మళ్లీ ఇల్లు మారలేదు. చిరునామా మాత్రం మారుతూనే పోయింది. మద్రాసు రాష్ట్రం, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, చివరికి 2022లో చిత్తూరు జిల్లా కాస్తా తిరుపతి జిల్లా. “కూచోబెట్టి ఎన్ని ఊళ్లు తిప్పినార్రా నన్ను” అనేది.

ఒకే షరతు. పొగడొద్దు, ఆమెని చూపించండి. మా అవ్వే కానక్కర్లేదు, మీ అవ్వ అయినా సరే.

పలమనేరు: సార్, మీ పాదంలోనే యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాల్సిన అక్షరం, కనబడలేదు. ‘అ’కి ‘న’ ఎట్లా కుదురుతుంది?

నిర్వాహకుడు: ప్రాసయతి అండీ, మొదటి అక్షరం బదులు రెండో అక్షరం కలుస్తుంది. ‘అవ్వ’కి ‘నవ్వె’. ఆటవెలదిలో చెల్లుతుంది.

పలమనేరు: సరే, అయితే నాదే బోణీ.

*గోడ మీద పటము కొత్త పూదండతో*
*దీప మొకటి వెలుగు తీరుగాను*
*చూచి పలకరింప చుట్టాలు వచ్చిరి*
*అవ్వ లేని యింట నవ్వె నవ్వ*

చంద్రగిరి మాస్టారు: గణాలు (పాదంలో అక్షరాల కొలత), యతులు సరిపోయాయి. కానీ ఈ సమస్య చూడగానే ఎవరికైనా ముందు తట్టేది పటమే. రెండో పాదంలో ‘తీరుగాను’ యతి కోసం వచ్చి కూర్చుంది, దానికి వేరే పని లేదు. పటంలో నవ్వేది ఎవరి అవ్వ? దండ తీసేస్తే ఎవరింటికైనా సరిపోతుంది.

పలమనేరు: నిజమే మాస్టారూ. టెన్షన్‌లో తొందరపడి పెట్టేశాను.

పుత్తూరు అక్క: మా ఇంట్లో జరిగిందే రాస్తున్నా.

*మనుమరాలి బిడ్డ మా యవ్వ పేరుతో*
*బోసి నోరు విప్పి పూలు రాల్చె*
*పేరు పెట్టి తిట్ట బెదరుదు రెల్లరు*
*అవ్వ లేని యింట నవ్వె నవ్వ*

నిర్వాహకుడు: మూడో పాదం కోసమే ఈ పద్యాన్ని దాచుకోవచ్చు అక్కా. పెద్దావిడ పేరు పెట్టుకున్నాక ఆ పిల్లని ఏమనాలన్నా నోరు రాదు, ప్రతి ఇంట్లోనూ ఇదే అవస్థ.

చంద్రగిరి మాస్టారు: బోసినోరు బాగా కలిసింది. పళ్లు రాని నోరూ, పళ్లు ఊడిన నోరూ ఒకటే. ‘పే’కి ‘బె’ చెల్లుతుంది. నాకొకటే సందేహం. పేరు అవ్వది సరే, బిడ్డ ‘అవ్వ’ ఎట్లా అయింది? పద్యంలో ఆ పిలుపు లేదే?

పుత్తూరు అక్క: మా అత్త తన అత్త పేరు నోటితో పలకదు మాస్టారూ. పసిబిడ్డని ‘అవ్వా’ అనే పిలుస్తుంది. మా వైపు చదివినవాళ్లకి చెప్పకుండానే అర్థమైపోతుంది.

చంద్రగిరి మాస్టారు: అయితే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నా.

చిత్తూరు: నేను కొంచెం విరుపు చేశాను. ఎవరూ నొచ్చుకోవద్దు.

*తాళపు చెవి గుత్తి తనదేన టంచును*
*కోడలును కొడుకును గొడవ పడగ*
*ఇంటి కెవ్వ రైన నిక పెద్ద దిక్కుగా*
*అవ్వలేని యింట నవ్వె నవ్వ*

పాకాల: భలే! అవ్వ లేని ఇల్లు కాస్తా ‘దిక్కు అవ్వలేని’ ఇల్లయింది. గొడవ చూసి పైనుంచి నవ్వుతోందన్నమాట.

చంద్రగిరి మాస్టారు: విరుపు చక్కగా కుదిరింది. ‘అవ్వలేని’ వాడుక మాట, కావ్యభాషలో ‘కాలేని’ అంటారు. మన గుంపులో దానికి పట్టింపు లేదు. అసలు చిక్కు మూడో పాదం చివర ఉంది. ‘దిక్కుగాన్’ అని ద్రుతం (చివరి ‘న్’) తీసుకుని సంధి చేస్తే ‘దిక్కుగా నవ్వలేని’ అవుతుంది. నవ్వలేని ఇంట్లో అవ్వ నవ్విందని ఇంకో సమస్య మొదలవుతుంది!

చిత్తూరు: పాదం చివర ఊపిరి పీల్చుకున్నానని వదిలెయ్యండి సార్.

నిర్వాహకుడు: వదిలేశాం. మా ఇంట్లో తాళాల గుత్తి ఎవరికీ అక్కర్లేదు, అన్నీ నంబరు తాళాలే. అవ్వ గుత్తి ఇప్పటికీ మేకుకే ఉంది, అందులో సగం తాళంచెవులు దేనివో తెలియదు.

మధ్యలో ఒక మాట. ఒక సభ్యులు వరసగా పద్యాలు పంపారు. త్యాగమూర్తి, కరుణామయి, అమృతహృదయ అని నిండా సమాసాలే. ఛందస్సులో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఆ అవ్వ ఏం తినేదో, ఎవర్ని తిట్టేదో మాత్రం తెలియలేదు. షరతు ప్రకారం పక్కన పెట్టాను, ఏమీ అనుకోవద్దు.

పాకాల: నాది తిరుపతి గంగమ్మ జాతర మీద.

*గంగ జాతరకని కట్టెను మనుమడు*
*పెట్టెలోని యవ్వ పెళ్లి చీర*
*నడక యదియె, బుగ్గ నాకు వక్కలు నిండ*
*అవ్వ లేని యింట నవ్వె నవ్వ*

పుత్తూరు అక్క: అయ్యో, చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి, నవ్వూ వచ్చింది.

నిర్వాహకుడు: బయటి ఊళ్లవాళ్ల కోసం ఒక మాట. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. చాటింపు వేశాక బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం. మొక్కున్న మగవాళ్లు చీర కట్టి, బొట్టు పెట్టి, పూలు ముడిచి గుడికి పోతారు. ఎవరూ వింతగా చూడరు. కాబట్టి ఈ పూరణలో కల్పన ఏమీ లేదు. మనుమడు ఆ చీరలో గడప దాటుతుంటే ఇంట్లోవాళ్లకి ఎవరు కనబడతారో చెప్పక్కర్లేదు.

చంద్రగిరి మాస్టారు: ఇదీ పూరణ అంటే. సమస్యలోని వైరుధ్యం ఊరి ఆచారంతోనే విడిపోయింది. అయినా మూడో పాదంలో యతి తప్పింది. ‘బుగ్గన్ + ఆకు’ అన్నప్పుడు ఆ ‘న’ ద్రుతంది, యతి ‘ఆ’కే చూడాలి. ‘నడక’లో ‘న’తో కుదరదు. పెద్ద పనేం లేదు, రెండు మాటలు అటూ ఇటూ మార్చండి:

*అదియె నడక, బుగ్గ నాకు వక్కలు నిండ*

పాకాల: ‘అ’కి ‘ఆ’, సరిపోయింది. దిద్దుకున్నాను మాస్టారూ. నడక ముందుంటే బాగుండేది కానీ.

చంద్రగిరి మాస్టారు: ‘అదియె’ అని వేలు చూపించి తర్వాత నడక చూపించడమే మేలు. చూసేవాళ్లు అట్లాగే అంటారు.

నిర్వాహకుడు: నాకూ మాస్టారు దిద్దిన పాదమే నచ్చింది. ఈ వారం మొదటి స్థానం పాకాలకి. పుత్తూరు అక్క మూడో పాదాన్ని మా ఇంట్లో అందరికీ వినిపించాను, మా చిన్నాయన రెండుసార్లు చదివించుకున్నాడు.

వచ్చేవారం దత్తపది. సంగటి, పులుసు, అంబలి, నిప్పట్లు. ఈ నాలుగు మాటలూ వచ్చేలా సీతా స్వయంవరం వర్ణించాలి. తిండి అర్థం రాకూడదు. ఛందస్సు మీ ఇష్టం.